అమ్మకం ఆగిపోయింది, అయినా మిగతా కమీషన్ ఇవ్వాలంటున్నారు మధ్యవర్తి

అరుగుమీద_రవి
గుంటూరులో మా నాన్నగారి ఇల్లు అమ్మకానికి పెట్టాం. 190 గజాల స్థలం, అందులో పాత డాబా. నాన్నగారికి 74 ఏళ్లు, నేను బెంగళూరులో ఉంటాను. మా వీధి చివర ఉండే మధ్యవర్తి ఒకరు పార్టీని తెచ్చారు. 68 లక్షలకు బేరం కుదిరింది. 5 లక్షల బజానా చెక్కుగా ఇచ్చి మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నారు. మా వైపు నుంచి కమీషన్ 2 శాతం, అంటే 1,36,000. అందులో సగం, 68,000, అగ్రిమెంటు రోజే నాన్నగారు ఫోనులో పంపేశారు.

కొనేవాళ్లకు బ్యాంకు రుణం రాలేదు. గడువు దాటిపోయింది. వాళ్లు వేరే చోట ఫ్లాటు చూసుకున్నారు, బజానా తిరిగి ఇమ్మంటున్నారు. సరిగ్గా ఇప్పుడే మధ్యవర్తి ఇంటికొచ్చి, "పార్టీని తెచ్చాను, బేరం కుదిర్చాను, సంతకాలు పెట్టించాను, నా పని అయిపోయింది. మిగతా 68,000 ఇవ్వండి" అని కూర్చున్నారు. ఇచ్చిన సగం వెనక్కి అడగాలని నేను అనుకుంటుంటే ఆయన మిగతా సగం అడుగుతున్నారు. నాన్నగారికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అమ్మకమే జరగనప్పుడు కమీషన్ ఎక్కడిది? తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణకాలువ
ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇచ్చినది కూడా తిరిగి అడగండి.

సిరిమల్లె_టీచర్
మాకు ఖమ్మంలో ఇలాగే జరిగింది. స్థలం అగ్రిమెంటు అయిన తర్వాత కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. మధ్యవర్తి ఒక్క పైసా అడగలేదు, పైగా రెండు నెలల్లో ఇంకొక పార్టీని తెచ్చారు. మనిషిని బట్టి ఉంటుంది రవి గారూ. ముందు నాన్నగారికి ధైర్యం చెప్పండి, ఆ వయసులో ఇంటి విషయం మనసును తినేస్తుంది.

నల్లకోటు_నెల్లూరు
తొందరపడి ఇవ్వకండి, తొందరపడి తిట్టకండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 219వ సెక్షన్ ఈ విషయమే చెబుతుంది. ప్రత్యేకంగా ఒప్పందం ఏమీ లేకపోతే, ఏజెంటుకు అప్పగించిన పని పూర్తయ్యే దాకా అతనికి డబ్బు బాకీ పడదు. అయితే "పని" అంటే ఏమిటన్న దగ్గరే చిక్కంతా ఉంది. పార్టీని తీసుకురావడమా, అగ్రిమెంటు రాయించడమా, రిజిస్ట్రేషన్ చేయించడమా? అది మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారన్న దానిమీద ఆధారపడుతుంది.

కమీషన్ గురించి అగ్రిమెంటులో ఏమైనా రాశారా? విడిగా కాగితం ఏదైనా ఉందా? ఫోనులో సందేశాలు? అవి చూడకుండా ఎవరు ఏం చెప్పినా ఊహే.

నడిచే_మధ్యవర్తి
నేను 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, రాజమండ్రిలో. నా మాట కూడా వినండి.

ఒక ఇల్లు అమ్ముడుపోవడానికి నేను కనీసం పదిహేను మందిని తిప్పుతాను. పెట్రోలు నాది. ఎండ నాది. ఆదివారాలు నావి. తాళంచెవి నా దగ్గర ఉంటుంది కాబట్టి ఇంటి ముందు ఊడ్పించేది కూడా నేనే. పదిహేను మందిలో పద్నాలుగు మంది చూసి వెళ్లిపోతారు, వాళ్ల దగ్గర ఎవరూ కమీషన్ తీసుకోరు. పదిహేనో మనిషిని కూర్చోబెట్టి, 72 అన్నవాళ్లను దింపి, 63 అన్నవాళ్లను పెంచి, 68 దగ్గర చేతులు కలిపిస్తే, ఆ తర్వాత వాళ్ల బ్యాంకు వాళ్లకు రుణం ఇవ్వలేదని నా కష్టం సున్నా అంటే ఎలా?

పై సభ్యులు సోమలింగం సామెత చెప్పారు. నేను ఇంకొకటి చెబుతాను: ఏరు దాటి తెప్ప తగలేయడం. నాకు జరిగింది. అగ్రిమెంటు రద్దయిందని ఇద్దరూ కలిసి చెప్పారు. సరే అని ఊరుకున్నాను. నాలుగు నెలల తర్వాత ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీసి చూస్తే అదే ఇల్లు, అదే మనిషి పేరు మీద రిజిస్టరు అయింది. నన్ను తప్పించడానికి రద్దు నాటకం ఆడారు. ఆ రోజు అన్నం సహించలేదు.

కృష్ణకాలువ
మీకు జరిగినది అన్యాయమే, కాదనను. కానీ రవి గారి దగ్గర ఇల్లు అలాగే ఉంది, డబ్బు రాలేదు. ఆయన జేబులో నుంచి లక్షా ముప్పై ఆరు వేలు ఎందుకు పోవాలి? పని ఫలితాన్ని బట్టి శాతం తీసుకునే వృత్తిలో ఫలితం లేనప్పుడు శాతం ఉండదు. 68 లక్షలు చేతికొస్తేనే కదా అందులో 2 శాతం. రాని డబ్బులో శాతం ఏమిటి?

నల్లకోటు_నెల్లూరు
నడిచే_మధ్యవర్తి గారూ, మీ కేసులో మీరు దావా వేసి ఉంటే మీకు బలం ఉండేది. 1950లోనే సుప్రీంకోర్టు ముందుకు కలకత్తా నుంచి ఇలాంటి వ్యాజ్యం వచ్చింది. మధ్యవర్తి కొనేవాళ్లను తెచ్చాడు, ఆ తర్వాత యజమాని వాళ్లతో నేరుగా వ్యవహారం నడిపి వాళ్లు చెప్పినవాళ్ల పేరు మీద అమ్మేశాడు. కమీషన్ ఇవ్వాల్సిందే అని తీర్పు వచ్చింది. డబ్బు దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది, మీది ఎప్పటిదో చూసుకోండి.

రవి గారు, మీరు రేపు ఇదే పార్టీకి అమ్మితే పూర్తి కమీషన్ బాకీ పడినట్టే అనుకోండి.

నడిచే_మధ్యవర్తి
2017 నాటిది. గడువు ఎప్పుడో పోయింది.

అరుగుమీద_రవి
నాన్నగారి ఫోను తెప్పించుకుని పాత సందేశాలన్నీ చదివాను. అగ్రిమెంటులో కమీషన్ ఊసే లేదు. కానీ అగ్రిమెంటుకు రెండు రోజుల ముందు మధ్యవర్తి వాట్సాప్‌లో ఇలా పంపారు: "మాస్టారూ, మొత్తం 2 శాతం. సగం అగ్రిమెంటు రోజు, సగం రిజిస్ట్రేషన్ రోజు." నాన్నగారు "సరే" అని జవాబిచ్చారు.

ఇంకొక విషయం ఇప్పుడే తెలిసింది. మిగతా సగానికి ఆయన ఒక చెక్కు కూడా తీసుకున్నారట. తేదీ వేయలేదు. అంకెలు రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. "రిజిస్ట్రేషన్ రోజు వేసుకుంటాను" అన్నారట. నిన్న ఫోనులో ఆ చెక్కు బ్యాంకులో వేస్తానని బెదిరించారు.

నల్లకోటు_నెల్లూరు
ఆ ఒక్క వాక్యంతో సగం వివాదం తేలిపోయింది. ఆ సందేశం ఫోటోలు తీసి రెండు మూడు చోట్ల దాచుకోండి, ఫోను మార్చకండి.

నా ఉద్దేశం ఇది. రెండో సగం రిజిస్ట్రేషన్ రోజు అని ఆయనే రాశారు. రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి రెండో సగం బాకీ పడలేదు. అదే వాక్యం మొదటి సగాన్ని అగ్రిమెంటుతో ముడిపెట్టింది. అగ్రిమెంటు అయింది. కాబట్టి మొదటి 68,000 తిరిగి రాబట్టడం మీరు అనుకున్నంత తేలిక కాదు. 219వ సెక్షన్ "ప్రత్యేక ఒప్పందం లేకపోతే" అంటుంది, మీకు ప్రత్యేక ఒప్పందం ఉంది.

కృష్ణకాలువ
ఒప్పుకోను. మొదటి సగం అంటే అడ్వాన్సు. మొత్తం పనికి ఇచ్చే కూలిలో ముందుగా ఇచ్చిన భాగం. ఇల్లు కట్టే మేస్త్రీకి పునాది రోజు సగం ఇస్తాం, పునాది దగ్గరే పని ఆగిపోతే లెక్క చూసుకోమా?

నల్లకోటు_నెల్లూరు
అలా వాదించవచ్చు. కోర్టు వినవచ్చు కూడా. కానీ "అగ్రిమెంటు దాకా చేసిన పనికి ఇది" అని అవతలివాళ్లు వాదించడానికి కూడా అంతే చోటు ఉంది. 68,000 కోసం మూడు నాలుగేళ్లు తిరగాలా అన్నది వేరే లెక్క.

పాతగుమాస్తా
నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని చేసి రిటైరయ్యాను. ఇంతమంది ఇన్ని మాటలు చెప్పారు గాని, రుణం ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు. రవి గారు ఒక్క మాటలో దాటేశారు. కొనేవారి జీతం చాలక రాలేదా, లేక బ్యాంకు లాయరు మీ కాగితాల మీద అభ్యంతరం పెట్టాడా? ఆ రెండింటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది.

సిరిమల్లె_టీచర్
నాకూ ఆ సందేహమే వచ్చింది.

అరుగుమీద_రవి
దాచాలని కాదు, అది ఇంత ముఖ్యమని తెలియక రాయలేదు. నాన్నగారు 1998లో ఒక సహకార బ్యాంకులో ఇంటిని తనఖా పెట్టి అప్పు తీసుకున్నారు, అక్క పెళ్లికి. 2006లో మొత్తం తీర్చేశారు. రసీదు ఉంది, అసలు దస్తావేజులు తిరిగి ఇచ్చేశారు. కానీ తనఖా అప్పట్లో రిజిస్టరు అయింది, విడుదల మాత్రం రిజిస్టరు చేయించలేదు. ఈసీలో ఆ తనఖా ఇప్పటికీ కనిపిస్తోంది. కొనేవారి బ్యాంకు లాయరు అది తీయించుకురమ్మన్నారు. ఆ సహకార బ్యాంకు మధ్యలో ఇంకొక దానిలో కలిసిపోయింది. పాత ఫైలు వెతకడానికే రెండు నెలలు పట్టింది. ఈలోగా గడువు అయిపోయింది.

పాతగుమాస్తా
చూశారా. ఇలాంటివి నా సర్వీసులో వందలు చూశాను. అప్పు తీరితే తనఖా తీరినట్టే అని పెద్దవాళ్లు నమ్ముతారు. నమ్మకం సరైనదే, కానీ రిజిస్టరు పుస్తకానికి ఆ సంగతి ఎవరూ చెప్పరు కదా. ఎవరో వచ్చి విడుదల రాయించేదాకా ఈసీ 1998 దగ్గరే ఆగి ఉంటుంది.

దారి ఉంది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 60వ సెక్షన్ ప్రకారం, అప్పు తీర్చినవారు అడిగితే తనఖా పెట్టుకున్నవారు తమ హక్కు తీరిపోయిందని రాసి రిజిస్టరు చేయించాలి. ఖర్చు మాత్రం మీదే. పాత బ్యాంకును కలుపుకున్న బ్యాంకుకు ఆ బాధ్యత కూడా వచ్చింది. 2006 రసీదు నకలు జతచేసి లిఖితపూర్వకంగా అడగండి, మీ అర్జీ అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా అడిగితే ఇంకో రెండు నెలలు "ఫైలు వెతుకుతున్నాం" అంటారు.

విజయ_డిపాజిట్
రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కదా, అప్పు తీర్చిన 30 రోజుల్లో కాగితాలు ఇచ్చి తనఖా భారం తీసేయకపోతే రోజుకు 5,000 రూపాయలు బ్యాంకు ఇవ్వాలి. దానిమీద అడగండి!

పాతగుమాస్తా
ఆ నిబంధన 2023 సెప్టెంబరులో వచ్చింది, ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి విడుదల చేయాల్సిన వాటికే వర్తిస్తుంది. రవి గారి నాన్నగారు 2006లో తీర్చారు. ఇప్పుడు కొత్తగా అప్పు తీరుస్తున్నవాళ్లు మాత్రం ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

నడిచే_మధ్యవర్తి
ఇప్పుడు చెప్పండి, తప్పు ఎవరిది? మధ్యవర్తి తెచ్చిన పార్టీ కొనడానికి సిద్ధంగానే ఉంది. అమ్మేవారి కాగితాల్లో లోపం వల్ల పోయింది. ఆయన చేయాల్సినది ఆయన చేశారు. రెండో సగం అడగడంలో తప్పేముంది?

ఎడిసన్_వాణి
మేము న్యూజెర్సీలో ఉంటాం, ఇల్లు అమ్మినప్పుడు ఈ గొడవంతా చదివాను. ఇక్కడ పాత రోజుల్లో, కొనగలిగిన మనిషిని తెచ్చి సంతకం చేయిస్తే చాలు, మధ్యవర్తికి కమీషన్ వచ్చినట్టే. 1967లో ఎల్స్‌వర్త్ డాబ్స్ కేసులో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. కొనేవాళ్లు డబ్బు కట్టలేక అమ్మకం ఆగితే అమ్మేవాళ్లు కమీషన్ ఇవ్వక్కర్లేదు, అమ్మకం పూర్తయితేనే ఇవ్వాలి అంది. కానీ అమ్మేవారి తప్పు వల్ల ఆగిపోతే మాత్రం ఇవ్వాల్సిందే. ఇక్కడి తీర్పు గుంటూరులో చెల్లదని తెలుసు. న్యాయం దృష్టితో చూస్తే మాత్రం నాకు ఆ గీత సరైనదనిపిస్తుంది.

కృష్ణకాలువ
వాణి గారు చెప్పినది బాగుంది. కానీ ఇక్కడ ఇంకొక ప్రశ్న. 2 శాతం తీసుకునే మనిషి ఈసీ ఎందుకు తీయలేదు? 1983 నుంచి ఉన్న లావాదేవీలు కంప్యూటర్లో దొరుకుతున్నాయి. అగ్రిమెంటు రాసే ముందు అరగంట కూర్చుంటే 1998 నాటి తనఖా కళ్ల ముందు కనిపించేది. కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కలపడం ఒక్కటే పనైతే దానికి లక్షా ముప్పై ఆరు వేలు ఎందుకు? కాగితాలు చూడటం కూడా ఆ డబ్బులో భాగమే.

నడిచే_మధ్యవర్తి
ఇది న్యాయమైన మాట, ఒప్పుకుంటాను. నేను ఈసీ లేకుండా పార్టీని ఇంటికే తీసుకెళ్లను. కానీ చాలామంది అమ్మేవాళ్లు "మా మీద నమ్మకం లేదా" అని కోప్పడతారు. రవి గారూ, ఆయన అడిగారా మీ నాన్నగారిని, అప్పులేమైనా ఉన్నాయా అని?

అరుగుమీద_రవి
అడిగారట. నాన్నగారు "ఏమీ లేవు" అన్నారట. ఆయన దృష్టిలో అది నిజమే, ఎనిమిదేళ్లు జీతంలో నుంచి కట్టి తీర్చారు. ఈసీ ఇద్దరిలో ఎవరూ తీయలేదు.

చింతచెట్టునీడ
రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) ఫిర్యాదు చేయండి. ఆ మధ్యవర్తికి రెరా రిజిస్ట్రేషన్ ఉండి ఉండదు. రోజుకు 10,000 జరిమానా.

నల్లకోటు_నెల్లూరు
చాలామంది చేసే పొరపాటు ఇది. 2016 నాటి రెరా చట్టం 9వ సెక్షన్, రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్లకు వర్తిస్తుంది. మీరన్న జరిమానా 62వ సెక్షన్‌లో ఉంది, అదీ ఆ ప్రాజెక్టుల విషయంలోనే. పాత సొంత ఇంటి అమ్మకానికి ఆ దారి లేదు. కొత్త లేఅవుట్లోనో అపార్టుమెంట్లోనో కొనేవాళ్లు మాత్రం ఏజెంటు నమోదు నంబరు అడిగి తీరాలి.

సూర్యాపేట_స్వప్న
మా మామయ్య గారి కథ చెబుతాను, ఇంకో రకం మోసం. మధ్యవర్తి అమ్మేవాళ్లకు 40 లక్షలని చెప్పాడు, కొనేవాళ్లకు 43 లక్షలని చెప్పాడు. ఇద్దరినీ కలవనివ్వలేదు. మధ్యలో 3 లక్షలు తన మనిషి పేరు మీద తీసుకుని, పైగా రెండు వైపులా కమీషన్ అడిగాడు. రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట టీ తాగుతూ ఇద్దరూ మాటల్లో పడితే బయటపడింది. టీ కొట్టు అతనికి మామయ్య ఇప్పటికీ పండగకు బట్టలు పెడతారు.

నల్లకోటు_నెల్లూరు
స్వప్న గారు, అక్కడ అదే కాంట్రాక్టు చట్టం 220వ సెక్షన్ పని చేస్తుంది. ఏజెంటు తప్పుడు నడవడితో చేసిన పనికి ప్రతిఫలం అడగలేడు. యజమానికి తెలియకుండా సంపాదించిన లాభాన్ని యజమాని రాబట్టుకోవడానికి 216 ఉంది. రవి గారి మధ్యవర్తిది మోసం కాదు, అశ్రద్ధ. ఆ రెండూ కలపకూడదు.

సూర్యాపేట_స్వప్న
మామయ్య కమీషన్ ఇవ్వలేదు. ఆ 3 లక్షల్లో సగం వెనక్కి తెచ్చుకున్నారు, పెద్దమనుషుల ముందు.

లెక్కల_వేణు
డబ్బు లెక్క వైపు నుంచి ఒక హెచ్చరిక. బజానా 5 లక్షలు చెక్కుగా తీసుకున్నారు, మంచిది. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా చెక్కుగానో, ఖాతా నుంచి ఖాతాకో ఇవ్వండి. స్థిరాస్తి బేరంలో 20,000 లేదా ఆ పైన నగదుగా తీసుకోవడం, తిరిగి ఇవ్వడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, అమ్మకం జరిగినా జరగకపోయినా. ఎంత నగదు నడిస్తే అంత జరిమానా పడే ప్రమాదం ఉంది.

ఇంకొకటి, మధ్యవర్తి జీఎస్‌టీ కూడా అడిగితే నంబరు ఉన్న బిల్లు అడగండి. ఏడాదికి 20 లక్షలలోపు ఆదాయం ఉన్న సేవలవాళ్లు నమోదు కానక్కర్లేదు, నమోదు కానివాళ్లు 18 శాతం వసూలు చేయకూడదు.

విజయ_డిపాజిట్
నా దగ్గర ఒకతను 18 శాతం అడిగి, బిల్లు అడగ్గానే మానేశాడు.

అరుగుమీద_రవి
బజానా తిరిగి ఇవ్వాలా? అగ్రిమెంటులో "కొనేవారు గడువులోగా మిగతా డబ్బు చెల్లించకపోతే బజానా వదులుకోవాలి" అని ఉంది. నాన్నగారు మూడు నెలలు వేరే పార్టీని చూడలేదు. ఆ నష్టం మాటేమిటి?

నల్లకోటు_నెల్లూరు
కఠినంగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. బజానా తిరిగి ఇచ్చేయండి. అమ్మేవారు ఆస్తి మీద ఉన్న భారాలు తీర్చి ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. అగ్రిమెంటు చివర "ఏ తనఖాలూ, ఏ లావాదేవీలూ లేవు" అన్న వాక్యం కూడా ఉండే ఉంటుంది, దాదాపు అందరూ రాయిస్తారు. మీ వైపు కాగితం రాక వాళ్ల గడువు దాటింది. మీ లోపం మీద మీరే బజానా తినేస్తామంటే నిలబడదు. వాళ్లు నోటీసు పంపితే వడ్డీ, ఖర్చులు కూడా అడుగుతారు.

ఆ తర్వాత చెక్కు సంగతి. తేదీ వేసి బ్యాంకులో వేయవచ్చు, అది బౌన్సు కావచ్చు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్సు కేసు నిలవాలంటే చట్టప్రకారం రాబట్టగలిగిన బాకీ ఉండాలి. కానీ చెక్కు మీద సంతకం మీదైతే, బాకీ ఉందనే కోర్టు ముందు అనుకుంటుంది, లేదని చూపించాల్సిన భారం మీ మీద పడుతుంది. మీ చేతిలో ఆ వాట్సాప్ సందేశం ఉంది కాబట్టి చూపించగలరు. "చెల్లింపు ఆపండి" అని బ్యాంకుకు రాసినంత మాత్రాన నిశ్చింత అనుకోకండి, అలా వెనక్కి వచ్చిన చెక్కు మీద కూడా కేసు వేయవచ్చు. చెక్కు బౌన్సయిన 30 రోజుల్లో ఆయన నోటీసు పంపాలి, అది అందాక మీకు 15 రోజులు ఉంటాయి. ఆ నోటీసును మాత్రం బల్ల మీద పడేసి మర్చిపోకండి.

అంతకన్నా ముందు మీరే ఒక ఉత్తరం రాయండి, స్పీడ్ పోస్టులో. సందేశం ప్రకారం రెండో సగం రిజిస్ట్రేషన్ రోజుది, రిజిస్ట్రేషన్ జరగలేదు, చెక్కు తిరిగి ఇవ్వండి అని నాలుగు వాక్యాలు చాలు. తిట్లు వద్దు.

సిరిమల్లె_టీచర్
74 ఏళ్ల మనిషి పేరు మీద చెక్కు కేసు అంటే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. రవి గారూ, ఉత్తరం రాయండి, కానీ మీరు ఒకసారి వెళ్లి ఎదురుగా కూర్చుని మాట్లాడండి. మీ వీధి మనిషే కదా.

కృష్ణకాలువ
మాట్లాడినా ఆయన వినకపోతే?

నల్లకోటు_నెల్లూరు
జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. కోర్టులో కేసు వేయకముందే ఇద్దరినీ పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ చేయిస్తారు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాసుకున్నది డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. 15100కు ఫోను చేస్తే వివరాలు చెబుతారు. సేవలో లోపం అని వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు, అయితే ఈసీ తీయకపోవడం ఆయన ఒక్కరి లోపమేనా అన్న ప్రశ్న అక్కడ వస్తుంది.

పాతగుమాస్తా
ఈసీ సంగతి మళ్లీ వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఈసీ తీసేటప్పుడు ఇంటి నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి, పాత దస్తావేజు నంబరుతో ఒకసారి వెతకండి. మునిసిపాలిటీ ఇంటి నంబర్లు మారుతూ వచ్చాయి. ఒక నంబరుతో ఏమీ రాలేదని సంతోషించి, ఇంకో నంబరు కింద తనఖా దాగి ఉన్నవాళ్లను చూశాను. వారసత్వం ఆస్తి అయితే అక్కచెల్లెళ్ల సంతకాల సంగతి కూడా చూడాలి. రవి గారి ఇల్లు నాన్నగారి స్వార్జితమేనా?

అరుగుమీద_రవి
స్వార్జితమే. 1986లో స్థలం కొన్నారు, 1991లో కట్టారు.

నడిచే_మధ్యవర్తి
రవి గారూ, మీరు ఆయనతో మాట్లాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఈ మూడు నెలల్లో ఆయన కూడా వేరే బేరాలు వదులుకుని మీ పార్టీ వెనకాల బ్యాంకు చుట్టూ తిరిగి ఉంటారు. రెండో సగం అడగడం తప్పు, ఇప్పుడు నాకు అర్థమైంది, ఆయన రాసిన మాటే ఆయనకు అడ్డం. కానీ మొదటి సగం మొత్తం వెనక్కి ఇమ్మంటే ఆయన కడుపు మండుతుంది.

కృష్ణకాలువ
మొదటి సగంలో సగమైనా ఇవ్వాలి. నేను అక్కడే ఉన్నాను.

అరుగుమీద_రవి
శనివారం గుంటూరు వెళ్లి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు కొనేవాళ్లింటికి వెళ్లాం. 5 లక్షలు ఖాతాకు బదిలీ చేసి, అగ్రిమెంటు రద్దు కాగితం మీద ఇద్దరి సంతకాలు తీసుకున్నాం. వాళ్లు వేరే నష్టమేమీ అడగలేదు. మధ్యవర్తికి వాళ్లు 1 శాతం ఒప్పుకున్నారట, ఇంకా ఇవ్వలేదట, ఇవ్వబోమన్నారు. అది వాళ్ల మధ్య సంగతి.

తర్వాత మధ్యవర్తి గారింటికి. మొదటి పది నిమిషాలు గొంతులు లేచాయి. ఆయన చిన్న పుస్తకం తీసి చూపించారు, ఏ రోజు ఎవరికి ఇల్లు చూపించారో రాసుకున్నారు, మా ఇంటికి పదకొండు పేర్లు ఉన్నాయి. అది చూశాక నాకు కోపం నిలవలేదు. నేను ఆయన పంపిన సందేశం చూపించాను. చాలాసేపు చదివారు. "రాసింది నేనే" అన్నారు. అంతకు మించి వాదించలేదు. ఈసీ తీయకపోవడం గురించి అడిగితే, "మాస్టారి మాట మీద నమ్మకంతో తీయలేదు, తప్పే" అన్నారు. నాన్నగారు మధ్యలో కల్పించుకుని, "విడుదల రాయించకపోవడం నా తప్పు కూడా" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు.

చివరికి తేలినది: చెక్కు తిరిగి ఇచ్చేశారు. మొదటి 68,000 ఆయన దగ్గరే ఉంటుంది. విడుదల రిజిస్టరు అయ్యాక ఇల్లు మళ్లీ అమ్మకానికి పెడతాం. ఆయన తెచ్చిన పార్టీకే అమ్మితే, ఈ 68,000 పోను మిగతాదే ఇస్తాం. ఆరు నెలల్లో ఆయన ద్వారా అమ్మకం కాకపోతే, అందులో 30,000 తిరిగి ఇస్తారు. ఇదంతా తెల్ల కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు చేశాం, సాక్షిగా పక్కింటి ఆయన చేశారు.

కృష్ణకాలువ
30,000 తక్కువే. కానీ నాన్నగారు నిద్రపోతే చాలు.

నడిచే_మధ్యవర్తి
పదకొండు పేర్లు రాసుకున్న మనిషి చెడ్డవాడు కాడు. అమ్మిపెడతాడు చూడండి.

పాతగుమాస్తా
ఆరు నెలలు ఎప్పటి నుంచి లెక్క? సంతకం రోజు నుంచా, విడుదల రిజిస్టరైన రోజు నుంచా?

అరుగుమీద_రవి
అది రాయలేదు.

పాతగుమాస్తా
విడుదల రోజు నుంచి అని అదే కాగితం కింద ఒక వాక్యం చేర్చి ఇద్దరూ మళ్లీ సంతకాలు పెట్టండి. బ్యాంకు ఆలస్యం చేస్తే మళ్లీ గొడవ అక్కడే పుడుతుంది.

నల్లకోటు_నెల్లూరు
గుమాస్తా గారు చెప్పినట్టు చేయండి. రవి గారూ, తిరిగి తెచ్చుకున్న చెక్కు ఏం చేశారు? చించే ముందు దాని నంబరు ఫోటో తీసుకున్నారా?

అరుగుమీద_రవి
ఇంకా చించలేదండి, నాన్నగారి బీరువాలో 2006 రసీదుతో పాటు ఉంది. ఇప్పుడే అక్కకు ఫోను చేసి ఫోటో తీయమంటాను. ఆ వాక్యం సంగతి మధ్యవర్తి గారికి చెప్పాను, రేపు సాయంత్రం వచ్చి సంతకం పెడతానన్నారు.

చింతచెట్టునీడ
నాది కొంచెం వేరే సమస్య. కొనేవైపు నేను. మధ్యవర్తికి 1 శాతం ఇచ్చేశాను, ఇప్పుడు అమ్మేవాళ్లు ధర పెంచి వెనక్కి తగ్గారు. కొత్తగా అడగనా, ఇక్కడే రాయనా?

నల్లకోటు_నెల్లూరు
కొత్తగా మొదలుపెట్టండి. కమీషన్ గురించి మీ ఇద్దరి మధ్య నడిచిన సందేశం ఏదైనా ఉంటే మొదటి పోస్టులోనే ఉన్నది ఉన్నట్టు రాయండి.